కంప్యూటర్‌కు పెట్టిన బొట్టు

ఈ ఉదయం మా ఆఫీసు కంప్యూటర్ ఆన్ కాకుండా మూడుసార్లు బీప్‌మంది. మూత తీసి, దుమ్ము పట్టిన ర్యామ్ ముక్కను పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. వెంటనే తెర వెలిగింది. కానీ ఆ రబ్బరు వాసన నన్ను ఆళ్లగడ్డకు, మా నాయన విగ్రహాలు చెక్కే షెడ్డుకు లాక్కెళ్లింది.

నేను బడికి పోయే రోజుల్లో ఒక ఏడు ఆయుధపూజనాడు నాయన ఉలికీ సుత్తికీ బొట్టు పెడితే, నేను విగ్రహాల ఫొటోలు చూపే కంప్యూటర్‌కు పెట్టాను. డబ్బా పైనున్న గాలి చిల్లుల్లోంచి కుంకుమ లోపలికి రాలింది. మరునాడు అది మూడు కూతలు కూసి ఊరుకుంది. నేనే చంపాననుకుని అన్నం ముట్టలేదు.

నంద్యాల నుంచి రిపేరు చేసే మస్తానన్న వచ్చాడు. మూత విప్పి, లోపలి కుంకుమ చూసి, నావైపు చూశాడు. నా రబ్బరు అడిగి తీసుకుని ర్యామ్ రుద్ది బిగించాడు. కంప్యూటర్ లేచింది.

"ఏమైందప్పా?" అన్నాడు నాయన.

"నీ రాతి దుమ్మేన్నా. ఉలి ఆడేకాడ పెడితే ఇది యాడ బతుకుతాది?"

బతికిపోయానని ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. నా కోసమే అబద్ధమాడాడని ఇన్నేళ్లూ అనుకున్నాను.

మా ఆఫీసు కంప్యూటర్‌కు ఎవరూ బొట్టు పెట్టలేదు; ఒట్టి దుమ్ముకే అది అవే మూడు కూతలు కూసింది. మస్తానన్న నిజమే చెప్పాడు.