నా విడుదల కోసం చైన్ ప్రార్థన

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద ఎలాంటి అనుమానమూ ఉండేది కాదు. ఒకటి, ప్రభువు తిరిగి వస్తాడని. రెండు, ఆయన వచ్చేలోగా లోకమంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోకి మారిపోతుందని. మొదటి నమ్మకం నాలో నేటికీ చెక్కుచెదరలేదు. రెండోదాని వల్ల నాకు జరిగిన సన్మానం గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

'ఆ రోజులు' అంటే మరీ పాతకాలం అనుకోకండి, పదేళ్లు కూడా కాలేదు. నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఆండర్సన్‌పేటలో ఇల్లు, ఊరిగాంలో సంఘం, మాలూరులో ఉద్యోగం. మా తాత చిత్తూరు వైపు నుంచి కోలారు బంగారు గనిలో పనికి వచ్చినవాడు. నాన్న గని మూతపడేదాకా అందులో దిగినవాడు. నేను మాత్రం ఒక ఫ్యాక్టరీలో అట్టపెట్టెల మీద అంటించే చీటీలు ముద్రించే కంప్యూటర్లను కాపలా కాసేవాణ్ణి. అక్కడే ఒకరోజు, లోపల ఏముందో ఎవరైనా విప్పి చూడగలిగే, మార్చుకోగలిగే, పక్కవాడికి ధైర్యంగా పంచగలిగే సాఫ్ట్‌వేర్ ఉందని తెలిసింది. పంచేకొద్దీ తరగని రొట్టె ఇన్నాళ్లకు మళ్లీ దొరికిందనుకున్నాను. ఇక నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. పొద్దున రైలెక్కి మాలూరు చేరేలోగా పెట్టె పెట్టెకూ తిరిగి, "సహోదరులారా, నేనూ ఒకప్పుడు దొంగ కాపీలు వాడిన పాపినే" అంటూ సాక్ష్యం మొదలుపెట్టేవాణ్ణి. చేతిలో నేనే అచ్చు వేయించిన కరపత్రాలు కూడా ఉండేవి. పేకాడుకునే జట్టులో ఒకాయన మాత్రం రోజూ ఒకే జవాబు చెప్పేవాడు: "సరే అప్పా, మారతాములే. రవంత జరుగు, ముక్క కనపళ్లేదు."

రైలు మారలేదు కాబట్టి సంఘాన్ని మారుద్దామనుకున్నాను. మా సంఘం వాళ్లకు ఫోన్లో ఒక గ్రూపు ఉండేది, అందరికీ తెలిసిన ఓ పెద్ద కంపెనీ యాప్‌లో. దాని బదులు మనదే ఒక చిన్న సర్వర్, అంటే ఒక పెట్టెంత కంప్యూటర్, పెట్టుకోవచ్చని, మన ఇంటికి మనమే యజమానులమని, అయినా లోకంలో ఇలాంటి వేల ఇళ్లతో మనకు రాకపోకలు ఉంటాయని కమిటీ ముందు గంటసేపు ప్రసంగించాను. "కంపెనీ క్వార్టర్స్‌లో పుట్టినవాళ్లం మనం. కంపెనీ పోయాక ఆ ఇళ్లు ఎవరివో తేలడానికి ఎంత తిరిగామో మరిచిపోయారా? ఫోన్లో కూడా మనది అదే బతుకు. ఒక్కో సంఘానికి తన గుడి, తన గంట, తన పెద్దలు ఉన్నా అందరం ఒకే శరీరం కదా. ఇదీ అంతే" అన్నాను. పాస్టరయ్య తల ఊపాడు (ఆయన ఎవరు ఏం చెప్పినా తల ఊపేవాడు, అది ఆయన కృపావరం).

తల ఊపనివాడు సంఘ కార్యదర్శి. ఆయన్ని అందరం వైండర్ తాత అనేవాళ్లం. గని ఉన్నన్నాళ్లూ మనుషులను కేజీ అనే ఇనుప బోనులో నిలబెట్టి భూమిలోకి దించే వైండర్ ఇంజను నడిపినవాడు. సిగ్నల్ గంట సరిగా మోగిందని నమ్మకం కుదిరితే తప్ప ఆయన చెయ్యి లీవరు మీదికి పోయేది కాదట. ఆ అలవాటు కమిటీలోనూ పోలేదు.

"చూడప్పా, చర్చి పక్క వెస్ట్రీ గదిలో ఒక మూల ఇస్తాము, పెట్టుకో నీ పెట్టె. కోతపండగ దాకా టైమ్. సంఘంలో అరవై ఇండ్లు ఉండాయి. సగం ఇండ్లు దాంట్లోకి రాలేదంటే, పెట్టెను సైకిల్‌కు కట్టుకోని పో."

నాకు పౌరుషం వచ్చింది. "రాకపోతే పెట్టెతో పాటు ఈ మాట కూడా సంఘంలో మళ్లీ ఎత్తను తాతా. ఇది దేవుని ఎదుట చెబుతున్నాను" అన్నాను.

"ఆమెన్!" అని వెనక బెంచీ నుంచి గట్టిగా వినిపించింది. తిరిగి చూస్తే మా అమ్మ.

అమ్మ స్త్రీల సమాజానికి పెద్ద. ఎవరికి జబ్బు చేసినా, ఎవరింట్లో కష్టం వచ్చినా చైన్ ప్రార్థన పెట్టేది ఆమే. ఒకరు ప్రార్థించి పక్కవాళ్లకు అప్పజెబుతారు, వాళ్లు ఇంకొకరికి, అలా గొలుసు తెగకుండా సాగుతుంది. అందుకే ఆడవాళ్లకు మన సర్వర్‌లోకి వచ్చే కొత్త యాప్ నేర్పడానికి నేను కూడా అదే భాష వాడాను. ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చోబెట్టి, "ఈ నక్షత్రం ఉంది చూడండి, ఇది నొక్కితే ఆమెన్ అన్నట్టు. ఈ రెండు బాణాల గుర్తు నొక్కితే పక్క సంఘానికి అప్పజెప్పినట్టు, చైన్ లాగా" అని చెప్పాను. "ఇంతేనా?" అన్నారు. ఇంతే అన్నాను. నా బోధనా పటిమకు నేనే మురిసిపోయాను. ఎవరేం రాసినా లోకమంతటికీ కనబడేలా నేనే అమర్చి పెట్టాను కూడా. దీపం వెలిగించి కుంచం కింద పెడతామా?

కోతపండుగకు రెండు వారాలు ఉందనగా లెక్క చూస్తే ఏడు ఇళ్లు వచ్చాయి. అందులో రెండు నేనే తెరిచి పెట్టినవి, ఒకటి పాస్టరయ్యది.

ఇలాంటి సమయంలో అమ్మ నన్ను బంగారుపేటకు పెళ్లిచూపులకు తీసుకెళ్లింది. అమ్మాయి స్కూల్లో టీచరు. టీ తాగడం అయ్యాక పెద్దవాళ్లు, "పిల్లలు రెండు మాటలు మాట్లాడుకోనీ" అని పక్కకు జరిగారు. నేను నిజంగా రెండు మాటలే మాట్లాడాలనుకున్నాను. కానీ ఆ అమ్మాయి ఫోను టీపాయి మీద వెల్లకిలా పడి ఉంది. "మీ ఫోన్లో టార్చిలైట్ యాప్ ఉందే, దానికి మీ బంధువుల నంబర్లన్నీ ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా?" అని అడిగాను. ఆమె ఆలోచించలేదట. నేను ఆలోచింపజేశాను. కాసేపటికి వాళ్ల నాన్న ఫోను కూడా నా చేతిలో ఉంది. చివరికి ఆ అమ్మాయే, "మీరు నన్ను చూడనీకి వచ్చినారా, ఫోన్ను చూడనీకి వచ్చినారా?" అంది. అందరూ నవ్వారు, మా అమ్మ తప్ప. తిరుగు బస్సు ఆండర్సన్‌పేటలో దిగేటప్పుడు అమ్మ ఒక్క మాట అంది: "ప్రార్థన లేకుండా ఈ కట్లు తెగవు."

ఆ వారం స్త్రీల సమాజంలో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. అమ్మ విషయం చెప్పి చైన్ పెట్టాలంది. పాత గ్రూపులోనే పెడదామని ఎవరో అన్నారట. అమ్మ ఒప్పుకోలేదు. "జబ్బు మనిషి కోసమని మన ఇంట్లో కూచోని ప్రార్థన చేస్తామా, వాళ్లింటికి పోతాము కదా. నా కొడుకు చిక్కుకోనుండేది ఆ పెట్టెలో. ఇంగ మనం కూడా దాంట్లోకే పోయి ప్రార్థన చేయాల" అంది. ఈ వాదానికి జవాబు చెప్పగల పండితులు మా సంఘంలో ఎవరూ లేరు. అక్కలు, అత్తలు, అవ్వలు అందరూ ఫోన్లు తీశారు.

మధ్యాహ్నం టీ వేళ నేను ఫ్యాక్టరీలో మొరాయించిన ప్రింటర్ పక్కన నిలబడి ఫోను చూశాను. ఏడు ఉన్న లెక్క పన్నెండయింది. చూస్తుండగానే పంతొమ్మిది. ఇరవై ఎనిమిది. టీ చల్లారేలోగా ముప్ఫై ఆరు! నేను రెండు చేతులూ పైకెత్తి "హల్లెలూయ" అన్నాను. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమయ్యా, ప్రింటర్ బాగైందా?"

"లేదు సార్, మా సంఘంలో ఉజ్జీవం వచ్చింది."

"ముందు ప్రింటర్‌కు రప్పించు."

అప్పుడు గానీ నేను ఆ వచ్చినవాళ్లు ఏం రాశారా అని చూడలేదు. అందరూ ఒకే విన్నపానికి నక్షత్రం నొక్కారు, అందరూ రెండు బాణాలూ నొక్కారు. ఆ విన్నపం ఇది:

"సహోదరీలారా, నా ఒక్క కొడుకు కోసం ప్రార్థన చేయండి. తాగుడు లేదు, బీడీ లేదు, ఆదివారం తప్పడు. అయినా ఫ్రీ సాఫ్ట్‌వేర్ అనేదాని కట్లలో ఉండాడు. పిల్లను చూడనీకి పిల్చుకోనిపోతే ఫోన్ చూసి వచ్చినాడు. వానికి విడుదల రావాల. చదివినవాళ్లు పక్క సంఘానికి చెప్పండి."

పక్క సంఘానికి చెప్పారు. అంతమంది ఒకేసారి చెప్పేసరికి అది ఊరిగాం దాటింది, కోలారు జిల్లా దాటింది, సముద్రాలు దాటింది. ఆ నెట్‌వర్క్‌లో నాకు దేశదేశాల స్నేహితులు ఉండేవారు. వాళ్ల దృష్టిలో నేను భారతదేశపు మారుమూలలో ఒంటరిగా పోరాడుతున్న వీరుణ్ణి. ఇప్పుడు ఆ వీరుడికి విడుదల కావాలని వాళ్లమ్మ లోకాన్ని బతిమాలుకుంటోంది. అనువాదం బొత్తాం నొక్కి అందరూ చదివారు. బ్రెజిల్ నుంచి ఒకామె, "మా అబ్బాయీ అంతే అమ్మా, వాడికీ పెళ్లి కాలేదు, కలిసి ప్రార్థిద్దాం" అని రాసింది. జర్మనీ నుంచి ఒకాయన, స్వేచ్ఛను కోరడం బంధకం ఎలా అవుతుందో వివరించమని పదకొండు అంశాలతో వాదన పంపాడు. ఫిన్లాండ్ నుంచి ఒకాయన ఇలా రాశాడు: "నాకు దేవుడి మీద నమ్మకం లేదు. కానీ నాదీ మీ అబ్బాయి జబ్బే. పైగా వచ్చే గురువారం నడుముకు ఆపరేషన్. మీ జాబితాలో నా పేరు కూడా రాసుకుంటారా?"

నేను సిగ్గుతో ఇల్లు చేరేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్కరికీ జవాబులు రాస్తోంది. జర్మనీ ఆయన పదకొండు అంశాలకూ కలిపి ఒకే సమాధానం ఇచ్చింది: "సరే నాయనా. భోంచేసినావా?" (చేశానని, బంగాళాదుంపలని ఆయన వెంటనే రాశాడు. వాదన అక్కడితో ముగిసింది.)

కోతపండుగ ఆదివారం వచ్చింది. బలిపీఠం ముందు టమాటా బుట్టలు, రాగుల మూటలు, కాళ్లు కట్టిన ఒక నాటుకోడి. కోడి ప్రసంగానికి మధ్యమధ్య స్పందిస్తూనే ఉంది. ఆరాధన అయ్యాక వైండర్ తాత లేచాడు.

"నలభై ఒక్క ఇండ్లు వచ్చినాయి. లెక్క ప్రకారం నువ్వు గెలిచినావప్పా. కానీ అంతా ఏంటికి వచ్చినారో నీకు తెలుసు, నాకు తెలుసు, ఇంగ ఆ కోడికి కూడా తెలుసు. నిన్ను బయటికి లాగనీకి వచ్చినారు."

చర్చి పైకప్పు ఎగిరేలా నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నా ప్రసంగానికి వచ్చినవాళ్లు ఏడు ఇళ్లే. మిగతావాళ్లు వచ్చింది నా మీద జాలితో. దేవుని ఎదుట మాటిచ్చి, ఈ లెక్కను గెలుపని ఎలా చెప్పుకోను? "నిజమే తాతా. ఇది గెలుపు కాదు. పెట్టె తీసేస్తాను" అని వెస్ట్రీలోకి నడిచాను. సంఘం వెనకాలే వచ్చింది. వంగి ప్లగ్గు మీద చెయ్యి వేశాను.

"రేయ్! పీకినావంటే చూడు!"

అమ్మ. ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో ఫోను.

"నువ్వే కదమ్మా విడుదల కావాలన్నావు?"

"నీకు కావాల అన్న్యాను. పెట్టెకు అన్న్యానా? ఫిన్లాండ్ పిల్లోడికి ఆపరేషన్ అయింది. లేచి కూచున్నాను అని నిన్న రాసినాడు, ఇంగా నడవలేదు. ఇప్పుడు నువ్వు కరెంటు తీస్తే వాడు నన్ను యాడని వెతుక్కుంటాడు?" (ఆ 'పిల్లోడి'కి యాభై ఆరేళ్లని అప్పటికి అమ్మకు తెలియదు. తెలిసినా మారేది కాదు.)

అందరూ వైండర్ తాత వైపు చూశారు. ఆయన పెట్టె దగ్గరికి వచ్చి, పచ్చగా మినుకుమినుకుమంటున్న దీపాన్ని చాలాసేపు చూశాడు, గంట మోగిందో లేదో తేల్చుకుంటున్నట్టు.

"గనిలో ఒక రూల్ ఉండేది. దిగనీకి ఒక్క షాఫ్టే ఉంటే లోపలికి మనిషిని దించకూడదు. ఒకటి మూసుకోని పోతే పైకి రానీకి ఇంకో దారి ఉండాల. ఆ రెండో దారిలో దినామూ ఎవరూ నడవరు. అయినా ఉండాల. ఈ పెట్టె అట్లాంటిది అనుకొంటాను. ఉండనీ." నా వైపు తిరిగి, "గంటసేపు మాట్లాడినావు కదప్పా ఆ పొద్దు, ఈ ముక్క ఒకటి చెప్పి కూచోనుండొచ్చు కదా?" అన్నాడు.

ఇది జరిగిన కొన్ని రోజులకు బంగారుపేట టీచరమ్మాయి నుంచి అమ్మకు ఒక సందేశం వచ్చింది. మా విన్నపం ఆ సంఘానికీ చేరిందట. "టార్చిలైట్ యాప్ తీసేసినాను. మీ అబ్బాయిని ఇంకోసారి రమ్మనండి. ఫోన్ ఇంట్లో పెట్టి రావాల" అని ఉంది. అలాగే వెళ్లాను. (ఆమె ఇప్పుడు నా భుజం మీదుగా ఇది చదువుతోంది. కాబట్టి ఈ సంగతి ఇంతటితో ఆపుతున్నాను.)

వైండర్ తాత ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. వెస్ట్రీలో పెట్టె మాత్రం ఉంది. లోపలి భాగాలు రెండుసార్లు మారాయి. నేనూ మారాను. రైల్లో ఎవరికీ సాక్ష్యం చెప్పడం లేదు, కూర్చోవడానికి చోటు దొరికితే నిద్రపోతున్నాను. ఆఫీసు కోసమని, పాప స్కూలు కోసమని ఆ పెద్ద కంపెనీ యాప్ నా ఫోన్లోకి ఎప్పుడో వచ్చింది. వచ్చి, స్థిరపడింది. అంటే అమ్మ ప్రార్థన ఆలకించబడింది. నాకు విడుదల వచ్చింది. ప్రార్థనలు ఇంత అక్షరాలా నెరవేరతాయని తెలిసుంటే, ఆ రోజు నేను కూడా కాస్త ఎదురు ప్రార్థన చేసుకునేవాణ్ణి.

మొన్న అమ్మ కళ్లజోడు పెట్టుకుని నా ఫోను తీసుకుని చూసింది. అందులో ఆ పెద్ద కంపెనీ యాప్ కనబడగానే ఫోను మళ్లీ అక్కడే పెట్టేసింది. మరుసటి రోజు టీ వేళ, ఎన్నో నెలల తర్వాత, మా సంఘం సర్వర్ తెరిచాను. ఫిన్లాండ్ పెద్దాయన, బ్రెజిల్ అక్కయ్య, జర్మనీ బంగాళాదుంపలాయన, ఆండర్సన్‌పేట అవ్వలు, అందరూ ఒకే విన్నపం కింద వరుసగా నిలబడి ఉన్నారు.

"నా కొడుకు కోసం మళ్లీ చైన్ పెడతాండాను. వాడు చల్లారిపోయినాడు. ముందు ఉండిన పిచ్చి వానికి రవంత తిరిగి రావాల."

నేను నక్షత్రం నొక్కాను. తర్వాత రెండు బాణాలూ నొక్కాను.