కాగితానికి పెద్ద తూటా ఎందుకు

గెలిచింది నేను. కప్పు ఇచ్చింది మా డ్రైవరుకు. నేను చిన్న తూటాతో కొట్టానట, అందుకని నా అయిదు దెబ్బలూ లెక్కలోకి రావట.

దుబాయ్ ఊరిచివర, ఇసుకలో మా షూటింగ్ రేంజి. అక్కడ తుపాకులు తుడిచిపెట్టే పని నాది. కరోనా తర్వాత రేంజి మళ్లీ తెరిచిన చలికాలంలో సిబ్బందికి పోటీ పెట్టారు. యాభై మీటర్ల దూరాన నల్ల వలయం గీసిన కాగితం, మనిషికి అయిదు తూటాలు. ఎవరికిష్టమైన తుపాకీ వారు తీసుకోవచ్చునని మా మేనేజరే, ఇక్కడి మాటలో మా ముదీరే, అందరి ముందూ చెప్పాడు. కుర్రాళ్లంతా జింకల్ని పడగొట్టే త్రీ నాట్ ఎయిట్ మీద పడ్డారు. నేను పాయింట్ టూ టూ తీసుకున్నాను. దాని తూటా చిటికెన వేలంత కూడా ఉండదు.

“ఏంది పెద్దాయనా, పిట్టలు కొడతావా ఏంది?” అన్నాడు డ్రైవరు. నెల్లూరువాడు, నోరు ఊరుకోదు.

మా ఊళ్లో మక్కచేలల్లో అడవిపందులు పడ్డప్పుడు, తుపాకీ లైసెన్సున్న ఆయన వెంట వయసులో తిరిగినవాణ్ని. ఒకసారి చాలని తూటాతో కొడితే పంది చావక పొద్దుగూకేదాకా అరిచింది. ఆ అరుపు ఇంకా నా చెవిలో ఉంది. ప్రాణమున్నదాన్ని కొట్టేటప్పుడు బలమైన తూటాయే ధర్మం. కాగితానికి ప్రాణమెక్కడిది? పెద్ద తూటా భుజాన్ని తంతుంది. ఆ తన్నుకు భయపడి చెయ్యి ముందే అదురుతుంది, గురి పోతుంది. ఇది నాకు ఏ బడిలోనూ చెప్పలేదు. కాల్చేవాళ్ల వెనక నిలబడి చూసి నేర్చుకున్నాను.

ముదీర్ హైదరాబాదువాడు. నా అయిదూ వలయం నడుమ దగ్గరదగ్గరగా పడ్డా కప్పు డ్రైవరుకిచ్చేసరికి, నేరుగా అతని గదికే పోయాను.

“గిదేం న్యాయం సారూ? ఇష్టమున్నది తీస్కోమన్నది మీరే గద!”

“అరే చాచా, అది పిల్లల తూటా.”

“అయితే పెద్దదే ఇయ్యుండ్రి. అందరి ముంగట కొడ్త.”

“నీ భుజం ఇరుగుతది.”

“ఇరిగితె నాది ఇరుగుతది. మీదేం బోయింది?”

అతనికి నవ్వొచ్చింది. “యల్లా, సరే, రేపు పొద్దున రా.”

మర్నాడు అందరూ చేరారు. డ్రైవరు వేట తూటాల పెట్టె నా ముందుకు తోశాడు. పోటీలో వాళ్లంతా వాడింది అవే. వాటి కొన మెత్తగా ఉంటుంది, ఒంట్లో దిగాక విచ్చుకోవడానికి. కాగితంలో విచ్చుకుని ఏం చేస్తుంది? పక్కనున్న పెట్టెలోంచి, అదే సైజులో గురి పోటీల కోసం చేసినవి తీసుకున్నాను.

“భయమేసిందా పెద్దాయనా?”

“నువ్వో జింకను తెచ్చి ఆడ కట్టెయ్యిరా, అప్పుడు అవే తీస్కుంట.”

మొదటి దెబ్బకే భుజాన్ని గాడిద తన్నినట్టయింది. పళ్లు బిగించి మిగతావీ కొట్టాను. కాగితం తెచ్చి చూశారు. చిన్న తూటాతో కొట్టినంత దగ్గరగా పడలేదు, ఒప్పుకుంటాను. కానీ అయిదూ నల్ల వలయంలోనే ఉన్నాయి. పోటీనాటి డ్రైవరు కాగితం పక్కన పెట్టారు. అతనివి మూడే.

డ్రైవరు పోయి కప్పు తెచ్చి నాకందించాడు. నేను పుచ్చుకోలేదు. ముదీర్ వైపు తిరిగాను.

“ఇది ఇయ్యాల్టి కప్పా, ఆనాటి కప్పా?”

నాకు కావలసింది ఆ రోజు లెక్క. అతను రెండు కాగితాలనూ చూశాడు, నన్నూ చూశాడు.

“ఆ దినందే చాచా. చిన్న తూటాతోనే గెలిచినవ్, తప్పు నాదే. ఇప్పుడన్న ఆ భుజానికి ఐసు పెట్టుకో, ఖలాస్!”