సుమైతాంగి రాళ్ళ వెంట తిరుత్తణి దాకా

ఆవడి స్టేషనుకు పొద్దున ఆరూ పదికి రావలసిన బండి ఆ రోజు ఆరున్నరకు వచ్చింది. అమావాస్య కావడంతో తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడికి పోయే జనంతో పెట్టెలన్నీ కిటకిటలాడుతున్నాయి. చాలామంది తర్పణాలకు పోయేవాళ్ళు కాబట్టి గోల లేదు. నేను తలుపు పక్కన సంచి కాళ్ళమధ్య పెట్టుకుని నిలబడ్డాను. సంచిలో ఒక చొక్కా, నీళ్ళసీసా, అత్త రాయించిన పోస్టుకార్డు ఉన్నాయి.

ఇది డెబ్బై ఎనిమిదో సంవత్సరం మాట. నేను గుడికి బయలుదేరలేదు, రాళ్ళు చూడడానికి బయలుదేరాను. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా పాత రోడ్డు వెంట అక్కడక్కడా రెండు నిలువు రాళ్ళు, వాటిమీద ఒక అడ్డరాయి కనిపిస్తాయి. అరవంలో సుమైతాంగి అంటారు. తలమీద మూటతో నడిచే మనిషి ఇంకొకరి సాయం లేకుండా మూటను ఆ అడ్డరాయి మీదికి జరిపి, ఊపిరి తీసుకుని, మళ్ళీ తలకెత్తుకుని పోవచ్చు. ఎవరైనా ఆడమనిషి కడుపుతో చనిపోతే ఆమె పేరున ఇంటివాళ్ళు ఈ రాయి నిలబెడతారు. ఆమె దించుకోలేక పోయిన బరువు, దారినపోయేవాళ్ళు దించుకునే బరువుతోపాటు కొంచెం కొంచెం దిగుతుందని నమ్మకం.

నా భార్య వల్లెమ్మ ఏడో నెల కడుపుతో పోయి రెండేళ్ళయింది. ఆమెకు రాయి నిలబెట్టాలని తిరుత్తణిలో ఉండే ఆమె తల్లి, మా అత్త మంగమ్మ కార్డు మీద కార్డు రాయిస్తోంది. మేము తెలుగు నేతవాళ్ళం. అయినా అత్త ఇంట్లో తెలుగు రాయగలిగేవాళ్ళు లేరు, కార్డులు పక్కింటివాళ్ళచేత అరవంలో రాయిస్తుంది. నేను ఇన్నాళ్ళూ ఏదో ఒక సాకు చెబుతూ వచ్చాను. సాకు వెనక ఉన్న సంగతి ఇక్కడే చెప్పేస్తాను.

ఆవడిలో నేను గుమాస్తాగా ఉన్న ఫ్యాక్టరీవాళ్ళ క్వార్టర్లలో మాది మూడో అంతస్తు. నీళ్ళు కింద కుళాయిలో పొద్దున గంటసేపు వస్తాయి. ఆ రోజు వల్లెమ్మ బిందె మీద బిందె మోస్తూ నాలుగోసారి పైకి వచ్చి, "మామా, రెండు బిందెలు నువ్వు ఎత్తుకరావా?" అంది. నేను పేపరు చదువుతున్నాను. మగవాడు బిందె పట్టుకుని వరసలో నిలబడితే ఫ్యాక్టరీలో నవ్వుతారని నా భయం. "అందరూ మోయడం లేదా?" అన్నాను. ఆమె ఖాళీ బిందెతో కిందికి దిగింది. సాయంత్రానికి నొప్పులు మొదలయ్యాయి, మర్నాటికి తల్లీ లేదు, బిడ్డా లేదు. ఆ నీళ్ళ వల్లే అయిందో లేదో నాకు తెలియదు. అత్తకు మాత్రం, ఉన్నట్టుండి నొప్పులు వచ్చాయనే చెప్పాను. రెండేళ్ళుగా అదే చెబుతున్నాను.

ఏడుంబావుకు తిరువళ్ళూరులో దిగాను. స్టేషను ఎదుట హోటల్లో ఇడ్లీ, కాఫీ అయ్యాయి. ఇడ్లీ నిన్నటిదేమో, పుల్లగా ఉంది. మొదటి రాయి ఊరు దాటాక తిరుత్తణి రోడ్డులో ఎడమపక్కన ఉంటుందని ఫ్యాక్టరీలో తోటి గుమాస్తా చెప్పాడు. అర మైలు నడిచాను. ఉంది, కాని అడ్డరాయి రెండు ముక్కలై కింద పడింది. లారీ తగిలిందని పక్కన చెప్పులు కుట్టే ఆయన అరవంలో చెప్పాడు. ఎన్నాళ్ళయిందని అడిగితే చెయ్యి గాలిలో ఊపాడు. ముక్కల మీద ఎవరో ఆముదం గింజలు ఎండబోశారు. చూడడానికి వచ్చినవాణ్ణి చూసేశాను కాబట్టి ఇంక అక్కడ నాకు పనేమీ లేదు.

తొమ్మిదింటికి తిరుత్తణి బస్సు దొరికింది. దారిలో మైలురాళ్ళు లెక్కపెట్టాను. తిరుత్తణి ఆంధ్ర నుంచి తమిళనాడు వైపు వచ్చి ఇంకా ఇరవై ఏళ్ళు కాలేదు. కొన్ని రాళ్ళ మీద సున్నం కొట్టి అరవం రాశారు గాని, వానకు సున్నం పోయినచోట కింద చెక్కిన తెలుగు అక్షరాలు బయటికి వస్తున్నాయి. నా పక్కన కూర్చున్న కుర్రాడు లుంగీల కట్టతో పోతున్నాడు, నేతవాళ్ళ పిల్లవాడే. అక్కడేం రాసుందని నన్నే అడిగాడు. చెప్పాను. "మా తాత సదువుతాడు, నాకు రాదు," అని కిటికీలోంచి బయటికి చూశాడు.

కనకమ్మసత్రంలో దిగి రెండో రాయి కోసం వెతుక్కోవలసి వచ్చింది. రోడ్డు వంపు తీసి తిన్నగా వేసినప్పుడు పాత దారి శెనక్కాయ చేలల్లో కలిసిపోయింది. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. గట్ల మీద పడి ముప్పావుగంట నడిచాక, చేను నడుమ దారీ తెన్నూ లేనిచోట రాయి కనిపించింది. చెక్కుచెదరలేదు. ఆయాసంతో ఉన్నానేమో, ఎగిరి దానిమీద కూర్చోబోయాను.

"కూసోవద్దు సామీ!" అని వెనకనుంచి కేక. తల మీద గంపతో ఒక ముసలి రైతు వస్తున్నాడు. దగ్గరికి వచ్చి, "దాని మీద మూట పెట్టొచ్చు, మనిషి కూసోకూడదు. ఎవురో కడుపుతో పోయిన బిడ్డది," అని గంపను అడ్డరాయి మీదికి జరిపాడు. మెడ రెండు పక్కలా తిప్పుకున్నాడు. నాయుళ్ళట, ఎన్నో తరాల కింద వచ్చి ఇక్కడ సేద్యం చేసుకుంటున్నారు.

"మీ ఇంటామెదా?" అని అడిగాను.

"కాదు సామీ. ఎవురిదో తెల్దు. నా సేను ఆ పక్క ఉండాది."

ఆ పక్క అంటే రెండు మళ్ళ అవతల. అయితే గంపతో ఇటెందుకు వచ్చినట్టని అడిగాను.

"రోడ్డు అట్ల పోయినంక ఇంగ ఈ పక్క ఎవురొస్తారు? బరువే పెట్టకపోతే ఆ యమ్మకు యాడ దిగతాది? పొద్దన ఒకతూరి నేనొచ్చి పెట్టి పోతా ఉండా. నాకేమన్నా కష్టమా," అన్నాడు. పొగాకు నోట్లో వేసుకుని, "దాంట్లో ఏమి రాసిండారో సదవతారా? అరవమైతే మా మనవడు సదివేటోడే," అన్నాడు.

అడ్డరాయి అంచున తెలుగు అక్షరాలు ఉన్నాయి. వేలితో మట్టి తీసి కూడబలుక్కున్నాను. ఫలానావారి కుమారుడు ఫలానావాడు తన భార్యకు పుణ్యంగా నిలబెట్టించిన బరువురాయి, అని ఉంది. మొగుడి పేరుంది, మామ పేరుంది. ఆమె పేరు లేదు. చెప్పాను. ముసలాయన మిగతా మట్టి అరచేత్తో తుడిచాడు. "పేరు ఎయ్యలేదా పాపం," అన్నాడు. నాకు ఆ మొగుడి మీద కోపం వచ్చింది. ఆ కోపం ఎక్కువసేపు నిలబడలేదు, అతను కనీసం రాయైనా నిలబెట్టాడు.

పదకొండున్నరకు బస్సెక్కి పన్నెండున్నరకు తిరుత్తణిలో దిగాను. బస్టాండు మెస్సులో భోజనం చేశాను. చారు బాగుంది, అన్నం ముద్దయిపోయింది. మూడో రాయి గుడి కొండ మెట్ల దగ్గరలో ఉండాలి. నాకు కనిపించింది దాని అడ్డరాయే, కొబ్బరికాయల అంగడి ముందు మురిక్కాలవ మీద పరిచి ఉంది. కావడి ఎత్తుకున్నవాళ్ళు, గుండు చేయించుకున్న పిల్లలు దానిమీద నడిచి పోతున్నారు. నేను కాలవ దూకి పోయాను. అంగడాయన నన్ను వింతగా చూశాడు.

నేతవాళ్ళ వీధిలో అత్త వసారాలో కూర్చుని నూలు కండెలు చుడుతోంది. లోపల మగ్గం మీద బావమరిది ఉన్నాడు. అత్త నన్ను చూసి రాట్నం ఆపలేదు, ఆ కండె నిండాక లేచింది. నీళ్ళు ఇచ్చింది. "వస్తివా నాయనా. ఎండలో పడి వస్తివే. ఈసారైనా ఆ రాయి పనికి వస్తివి," అంది. నాలుగింటికి ఇద్దరమూ కొండకింద రాతిపని ఆచారి దగ్గరికి పోయాం. ఆయన రుబ్బురోళ్ళు, పొత్రాలు చేస్తాడు. సుమైతాంగి చేసి పన్నెండేళ్ళయిందట.

"ఇప్పుడెవురు మోస్తారక్కా? అంతా బస్సే కదా," అన్నాడు అత్తతో.

"కట్టెలమ్మే ఆడోళ్ళు ఉండారు. కొండ ఎనక దోవలో పెట్టిస్తా. తెల్లారితే పదిమంది వస్తారు ఆ దోవలో," అంది అత్త. అన్నీ ముందే ఆలోచించి పెట్టుకుంది.

పేరు చెక్కాలన్నాను. ఏ అక్షరాలని అడిగాడు ఆచారి. తెలుగు అన్నాను, వల్లెమ్మ అని మాత్రం చాలు, నా పేరు వద్దన్నాను. అత్త నా వైపు చూసింది.

"ఎత్తు ఎంత పెట్టమంటారు? మగోళ్ళ ఎత్తు వేరే, ఆడోళ్ళ ఎత్తు వేరే," అని ఆచారి కొలకర్ర తీశాడు. అడ్డరాయి మోసేవాళ్ళ తలకంటే కాస్త కిందికి ఉండాలట, అప్పుడే మూట సులువుగా జారుతుందట. "ఆ బిడ్డ ఎత్తుకే పెట్టేది మా వాడిక. ఎంత ఉండేది?"

నేను నా భుజం మీద చెయ్యి పెట్టి, "తల ఇక్కడికి వచ్చేది," అన్నాను. ఆచారి నేల నుంచి నా చేతిదాకా కొలిచాడు.

అత్త అడ్డం వచ్చింది. "ఊరకే నిలబడినప్పుడు అంత. నెత్తిన బరువుంటే మెడ కుంగతాది, నడుం కుంగతాది. కడుపుతో ఉండే మనిషికి ఇంగా కుంగతాది." ఆమె చెయ్యి నా భుజానికి జానెడు కింద ఆగింది. "ఇంత పెట్టు ఆచారీ. అది మోసేటప్పుడు నువ్వెప్పుడన్నా చూసినావా నాయనా?"

ఆమె మామూలుగానే అడిగింది. నన్ను అనుమానించి కాదు. నేను ఏదో ఒకటి చెప్పి ఉండవచ్చు, రెండేళ్ళుగా చెబుతున్నవాణ్ణే కదా. కాని ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉంది, ఆ ఎత్తులో వల్లెమ్మ తల నాకు కనిపించింది, నెత్తిన బిందె, కొంగు తడిసి, మెట్ల మలుపులో ఆగి నిలబడినట్టుగా.

"చూశానత్తా," అన్నాను. అంతా చెప్పేశాను. కుళాయి, మూడో అంతస్తు, పేపరు, ఆమె అడిగిన మాట, నేనన్న మాట. ఆచారి కొలకర్ర పట్టుకుని పక్కకు తిరిగి నిలబడ్డాడు. అత్త ఏడవలేదు, తిట్టలేదు. ఆచారి వైపు తిరిగి, "జానెడు తగ్గించే పెట్టు," అంది. బయానా తనే ఇచ్చింది. నన్ను ఇవ్వనివ్వలేదు.

తిరుపతి నుంచి మద్రాసు పోయే ప్యాసింజరు ఆరున్నరకు. అత్త స్టేషను దాకా నాలుగడుగులు ముందు నడిచింది. మా వైపు ఎవరైనా ఊరికి బయలుదేరితే పోయిరా అని పంపుతారు. కూతురు పోయినా అత్త నన్ను ప్రతిసారీ అట్లాగే పంపింది. ఈసారి నేను పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని ఆ మాట కోసం చూశాను.

బండి కూసింది. అప్పుడు అత్త దగ్గరికి వచ్చి కిటికీ కమ్మీ పట్టుకుంది.

"రాయి నిలబెట్టే దినానికి జాబు రాయిస్తా. ఆ దినం రా. మొగుడు లేకుండా ఆ పని జరగదు." కమ్మీ వదిలింది. "ఆ మీదట మా గడపకు రావద్దు నాయనా."

నాయనా అనే అంది. బండి కదిలాక చూస్తే ఆమె గేటు దాకా పోలేదు, ప్లాట్‌ఫారం మీద సరుకు మూటల పక్కన కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దిగుదామనుకున్నాను. బండి వేగం అందుకుంది.

అరక్కోణంలో బండి అరగంట ఆగింది. టీ తాగాను. ఈ దారిలో రాళ్ళు చూడబోయేవాళ్ళు తిరువళ్ళూరులో పొద్దున్నే దిగితే ఎండ ముదిరేలోపు రెండూ చూసుకోవచ్చు. కనకమ్మసత్రం దగ్గర చేనులో దారి అడిగితే ఎవరైనా చూపిస్తారు. చేతిలో ఏముంటే అది ఆ రాయి మీద కాసేపు పెట్టి తీసుకోండి, అంతకు మించి అక్కడ చేయవలసిందేమీ లేదు. నా సంగతి అడిగితే, చెప్పేస్తే నా బరువు దిగుతుందని రెండేళ్ళుగా అనుకుంటూ వచ్చాను. ఆవడి చేరేసరికి తొమ్మిది దాటింది. మూడో అంతస్తు ఎక్కుతుంటే అర్థమైంది, నాది నా దగ్గరే ఉంది, అంత బరువూ తీసుకుపోయి ఆ ముసలామె నెత్తిన కూడా పెట్టి వచ్చాను.