బీడీల అవ్వ దగ్గు

ఆ రోజుల్లో నాకు తెలియనిదేదైనా ఉంటే దాన్ని ఇంకా ఎవరూ కనిపెట్టలేదనే నా ధీమా. తొంభైల చివర, చదువు ముగియగానే కామారెడ్డిలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో మత్తు డాక్టరుగా చేరాను. ఊళ్లో ఎవరూ నన్ను డాక్టరుగా లెక్కించేవాళ్లు కాదు. కోసేవాడు డాక్టరు, మత్తిచ్చేవాడు సూదాయన, అంతే. ఆ కసి తీర్చుకోవడానికి హైదరాబాదు నుంచి ఫెంటానిల్ అనే కొత్త మందు తెప్పించాను. నల్లమందు జాతిది, పూర్తి మత్తుకు ముందు నొప్పి తెలియకుండా ఇస్తారు. నేను దాన్ని ఒక్క నొక్కుతో ఎక్కించేసేవాణ్ణి (చెయ్యి ఎంత చురుగ్గా ఆడితే అంత పనిమంతుడినని నా లెక్క).

లింగంపేట నుంచి ఒక అవ్వ వచ్చింది, పిత్తాశయంలో రాళ్లు. నొప్పి లేస్తే మెలికలు తిరిగిపోయేది. కడుపునిండా తిని నెలయింది. టేబుల్ మీద పడుకోబెట్టి నేను సూది నొక్కానో లేదో ఖళ్లు ఖళ్లున దగ్గు. పెద్ద డాక్టరు (ఆసుపత్రి ఆయనదే, దగ్గున్న మనిషి మీద కత్తి పెట్టనని ఆయన పట్టు) చేతులు కడుక్కుంటూనే "ఏందయ్యా ఈ దగ్గు?" అని కేకేశారు. నేను క్షణం తడుముకోలేదు. "బీడీలు చేస్తది సార్, పొగాకు దుమ్ము" అన్నాను. మా వైపు ఇంటింటా బీడీలే కాబట్టి, ఏ ఆడమనిషి దగ్గినా మాకు అదే కారణం. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టే శ్రమ కూడా తప్పేది. ఆపరేషన్ ఆగిపోయింది. సాయంత్రం "పదిహేను రోజులు బీడీల చాట ముట్టొద్దవ్వా" అని చెప్పి, దగ్గు మందు రాసిచ్చి పంపాను.

పదిహేను రోజులకు మరింత చిక్కి వచ్చింది. మళ్లీ అదే సూది, అదే నొక్కు, అదే దగ్గు. దొంగచాటుగా బీడీలు చేశావా అని అడగబోతుంటే, దగ్గు ఆగీ ఆగకముందే నా మణికట్టు పట్టుకుంది.

"బీడీలు బందు పెట్టిన సారూ. పులుసు గూడ బందు పెట్టిన. ఇంటికాడ ఒక్కనాడన్న దగ్గలేదు. ఈడికొచ్చి నీ సూది పడంగనే లేస్తున్నది. ఇగ ఆ సూదిని బందు పెట్టి చూడరాదు?"

నర్సు పైకప్పు వైపు చూసింది. ఆ మందు వేగంగా ఇస్తే కొందరికి దగ్గొస్తుందని, పల్చన చేసి మెల్లగా ఇవ్వాలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేనే. పెద్ద డాక్టరు గ్లోవ్స్ విప్పబోతున్నారు. నోరు మూసుకుంటే నా పరువు నిలుస్తుంది, అవ్వ మళ్లీ ఆ నొప్పితోనే బస్సెక్కుతుంది. "దగ్గు అవ్వది కాదు సార్, నాది" అన్నాను. దగ్గు లేవగానే నొక్కు ఆపాను కాబట్టి సగం మందే వెళ్లింది; మిగతా సగం సెలైన్‌లో పల్చన చేసి, అంకెలు లెక్కపెట్టుకుంటూ బొట్టు బొట్టుగా ఇచ్చాను. దగ్గు రాలేదు. రాళ్లు బయటికొచ్చాయి.

ఇప్పుడు నేను మెల్లగా సూది ఇస్తుంటే జూనియర్లు గోడ గడియారం వైపు చూస్తారు. "వయసు మీద పడ్డది సార్‌కు" అని గుసగుసలాడుకుంటారు. కాదనను. ఆ చురుకైన కుర్ర డాక్టరును తలుచుకుంటే నవ్వొస్తుంది. చేయని తప్పుకు పదిహేను రోజులు నొప్పి భరించి, మళ్లీ నా దగ్గరికే వచ్చి చెయ్యి చాపి పడుకున్న అవ్వను తలుచుకుంటే మాత్రం ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.