వైనో రంపానికి చెయిన్ నిలవని రోజులు

విల్లాపా కొండల్లో ముప్ఫై నాలుగేళ్ళుగా చెట్లు కొడుతున్న వైనో కంగాస్‌కు మనుషుల మీద నమ్మకం తక్కువ. 1979 వసంతంలో అతనికి జోడీగా ఆర్లిస్ స్ట్రౌడ్ అనే కొత్తవాణ్ణి వేశారు. ఆర్లిస్ అంతకుముందు పనిచేసిన ముఠాలో ఒకాయనకు కాలు పోయింది. ఎలా పోయిందో ఆర్లిస్ చెప్పడు. వైనోకు ఆ ఒక్కటి చాలు.

వాళ్ళను వ్యాన్‌లో కొండ మీదికి తీసుకెళ్ళేది నేనే. పక్క వాలులోనే నేనూ చెట్లు కొట్టేవాణ్ణి.

ఆర్లిస్ వచ్చిన రెండో వారం నుంచి వైనో రంపం చెయిన్ వదులవడం మొదలైంది. చెయిన్ చుట్టూ తిరిగే ఇనుప పట్టీ, అదే బార్, మూడున్నర అడుగులున్న పెద్ద మోటారు రంపం అది. పొద్దున్నే బిగిస్తే రెండో కోతకే చెయిన్ బార్ కింద వేలాడేది. కొత్త చెయిన్ సాగుతోందేమోనని పాతది వేశాడు. నూనె అందుతోందో లేదో చూశాడు. చెయిన్‌ను తిప్పే పళ్ళ చక్రం మార్చాడు. ఏం చేసినా అంతే. ఒకరోజు కోత మధ్యలో చెయిన్ ఊడి తొడ మీద కొట్టింది. మందపాటి తొడుగు ఉండబట్టి బతికిపోయాడు.

"చూశావా, ఆ ఆర్లిస్ ఎంత తొందరగా పరిగెత్తుకొచ్చాడో?" అన్నాడు వైనో, భోజనాల దగ్గర నాతో. "ఊడుతుందని ముందే తెలిసినవాడే అలా వస్తాడు."

"రాకపోయుంటే?"

"అప్పుడు ఇంకా అనుమానం."

మర్నాడు బిగువు సరిచేసే మర మీద పెన్సిల్‌తో సన్నని గీత గీశాడు. రంపాన్ని మొద్దు మీద వదిలి, పొదల వెనక్కి వెళ్ళాడు. ఆర్లిస్ వచ్చి వంగి చూశాడు. చెయ్యి చాపి, ఏమనుకున్నాడో వెనక్కి తీసుకున్నాడు. అది నేనూ చూశాను. నాకూ కాస్త అనుమానం వచ్చింది.

తీరా చూస్తే గీత ఉన్నచోటే ఉంది. రెండో కోతకు చెయిన్ మాత్రం వదులైంది.

"చెరిపి మళ్ళీ గీసుంటాడు," అన్నాడు వైనో.

శుక్రవారం సన్నగా వాన పడుతోంది. వైనో బార్‌ను పట్టి ఉంచే నట్లు బిగిస్తుంటే ఆర్లిస్ నేరుగా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఆగు పెద్దాయనా."

"ఏం, నిన్న చేసింది చాల్లేదా?"

"నిన్న నేనేం చేశాను?"

"అది నీకే తెలియాలి."

ఆర్లిస్ బదులు చెప్పకుండా బార్ కొస కింద చెయ్యి పెట్టి ఎత్తాడు. కొస రెండు వేళ్ళ మందం పైకి లేచింది. "వారం నుంచి చూస్తున్నా. కొస ఎత్తకుండానే నట్లు బిగిస్తున్నావు. ఇంత పొడుగు బార్ దాని బరువుకే వాలిపోతుంది. చెట్టులో పెట్టి నొక్కగానే పైకి జరుగుతుంది, చెయిన్ వదులవుతుంది. మర ఎవరూ ముట్టుకోనక్కర్లేదు."

"నాకు పని నేర్పుతున్నావా?"

"నీకు తెలిసిన పనే. అందుకే అడుగుతున్నా. ఎడమ చెయ్యి ఎందుకు లేవట్లేదు?"

వైనో రంపాన్ని మొద్దు మీద పెట్టాడు. జనవరిలో అతని ఎడమ భుజం మీద కొమ్మ పడింది. తెలిస్తే కొండ మీద పని తీసేస్తారని భార్య ఐలికి కూడా చెప్పలేదు.

"ఎత్తుతున్నాననే అనుకున్నా," అన్నాడు చివరికి. "ఎత్తినట్టే ఉండేది."

"నేను పట్టుకుంటా. బిగించు."

ఆ సాయంత్రం వరకూ చెయిన్ వదులవలేదు.

తర్వాత రెండు వారాలు ఆర్లిస్ కొస ఎత్తేవాడు, వైనో బిగించేవాడు. అయినా అనుమానం పోలేదు, వేరే దారి పట్టింది. "మేస్త్రీకి ఎందుకు చెప్పట్లేదు వీడు? నా దగ్గర ఏం కావాలి వీడికి?" అని నన్ను విసిగించి, ఒకరోజు వ్యాన్‌లో ఆర్లిస్‌నే అడిగేశాడు.

ఆర్లిస్ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. "వెనకటి ముఠాలో ఒకాయనకి చూపు తగ్గింది. నాకు తెలుసు. మేస్త్రీకి చెప్పలేదు, ఆయన్నీ అడగలేదు. కాలు పోయింది. నిన్ను అడిగాను. మిగతాది నువ్వే చెప్పుకోవాలి."



సోమవారం వైనో తనంతట తానే మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు. భుజానికి ఆపరేషన్ అయింది. ఆరు వారాలు ఐలి అతనికి చొక్కా తొడుగుతూ, దెబ్బ తగిలినందుకు కాదు, దాచినందుకు తిట్టింది. తర్వాత ఏడేళ్ళు అతను రంపాలు బాగుచేసే షెడ్డులో పనిచేశాడు. మళ్ళీ కొండ ఎక్కలేదు.