వనజమ్మ వస్తే పడిపోయే లింకు

దయ్యమనీ, కాలు మంచిది కాదనీ ఎవరైనా అంటే నవ్వి ఊరుకునే రకం నేను. అప్పట్లో కడపలో ఏడురోడ్ల దగ్గర నాకు చిన్న కంప్యూటర్ షాపు ఉండేది. యంత్రం చెడిందంటే ఏదో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. దొరకనిది ఒక్కటే ఉంది. అది చెబుతాను.

రెండువేల అయిదో ఆరో అయ్యుంటుంది. ఊళ్లో అన్నదమ్ములిద్దరు నడిపే మందుల హోల్‌సేల్ అంగడి ఒకటి ఉండేది. పెద్దాయన్ని అందరూ శెట్టిగారు అనేవాళ్లు. తమ్ముడు శ్రీధర్‌కి కంప్యూటర్లంటే పిచ్చి. బిల్లింగ్ గదిలో, అంగడి లెక్కలన్నీ ఉండే లినక్స్ సర్వర్ పెట్టి, కేబుళ్లన్నీ తన చేత్తోనే లాగాడు. రాయచోటి రోడ్డులో లారీ గుద్ది చనిపోయాడు. కర్మలయ్యాక ఆయన భార్య వనజ అంగట్లోకి వచ్చి బిల్లులు కొట్టడం మొదలుపెట్టింది. తమ్ముడి వాటాకి మనిషి వచ్చి కూర్చోవడం శెట్టికి నచ్చలేదు.

కొద్దిరోజులకే నన్ను పిలిపించారు. ఒక్క బిల్లు తెరుచుకోవడానికే శానా సేపు పడుతోందని.

"ఈ యమ్మ వచ్చి కూసున్నప్పటి నుంచే ఇట్లయితాండాదప్పా," అన్నాడు శెట్టి, ఆమెకి వినపడేట్టుగానే. ఆమె తలెత్తకుండా బిల్లు కొడుతూనే ఉంది.

నాకు ఒళ్లు మండింది. అసలు కారణం చూపించి ఆయన నోరు మూయించాలనుకున్నా.

సర్వర్‌లోని నెట్‌వర్క్ కార్డు వంద స్పీడులో పనిచేయాల్సింది, పదికి పడిపోతోంది. ఎర్రర్లు కుప్పలుగా కనిపిస్తున్నాయి. కార్డుకీ, కేబుళ్లన్నీ కలిసే స్విచ్‌కీ పొత్తు కుదరనప్పుడు ఇలా అవుతుంది. మామూలు జబ్బే. కేబుల్ మార్చా. కార్డు మార్చా, దాని డ్రైవర్ మార్చా. ఎర్తింగ్ చూశా. చివరికి నా షాపులోని స్విచ్ తెచ్చి పెట్టా.

నేను పనిచేసేటప్పుడు వనజమ్మ లేచి బయట నిలబడేది. అంతా బాగయిందని చెప్పి వచ్చేవాణ్ణి. షాపు చేరేలోపే శెట్టి ఫోను చేసేవాడు.

ఇట్లా కాదని ఒక ఆదివారం మధ్యాహ్నం, అంగడి మూసి ఉన్నప్పుడు, అందరి ముందూ పరీక్ష చేసి చూపిస్తానన్నా. ఆ ఆలోచన నాదే. సర్వర్ నుంచి పక్క కంప్యూటర్‌కి పెద్ద ఫైలు కాపీ పెట్టి, తెర మీద వేగం చూస్తూ కూర్చున్నా. బయటున్న వనజమ్మని లోపలికి రమ్మన్నా.

ఆమె గుమ్మం దాటింది. లింకు పడిపోయింది, వేగం పదికి దిగింది. బయటికి పంపితే నిమిషంలో కుదురుకుంది.

ఆమె సెల్‌ఫోన్ బయట పెట్టించా. ఫ్యాను ఆపించా. చెప్పులు విప్పించా. ఆమె నడిచిన బండల మీదే పనివాళ్లని నడిపించా, ఆమె కుర్చీలోనే కూర్చోబెట్టా. ఏమీ కాలేదు. ఆఖరికి గుమ్మానికి వీపు పెట్టి, ఎవరు వస్తున్నారో తెలీకుండా, తెర ఒక్కటే చూస్తూ కూర్చున్నా. వేగం పడిన ప్రతిసారీ తల తిప్పితే గుమ్మంలో ఆమే ఉంది.

శెట్టికి ఉత్సాహం వచ్చింది. "ఇంగొకతూరి రామ్మా. ఆ, ఇంగ పో. ఇంగొకతూరి రా." సంతలో గొడ్డుని నడిపించి చూసినట్టు నడిపించాడు. చాలు శెట్టిగారూ అన్నా ఆపలేదు.

పాత గుమాస్తా ఒకాయన ఓర్చుకోలేక అన్నాడు: "శ్రీధరప్ప ఈ తీగల్లోనే ఉండి, ఆ యమ్మను సూసి నిలబడిపోతాండాడేమో సామీ."

శెట్టి నవ్వాడు. "నిలబడేదేముంది? మా తమ్ముడే పొమ్మని చెప్తాండాడు."

అప్పటిదాకా చలించని వనజమ్మ మొహం ఆ మాటతో వాడిపోయింది. నా దగ్గరికొచ్చి, "అన్నా, నాకు అబద్ధం చెప్పొద్దు. నేనొస్తేనే తగ్గుతాండాదా?" అని అడిగింది. కాదు అనబోయా. తెర మా ఇద్దరి ముందే ఉంది.

ఆ వారంలోనే ఆమెను మైదుకూరికి, పుట్టింటికి పంపించేశారు. పెద్దమనుషుల ముందు శెట్టి చెప్పిన సాక్ష్యం నా పరీక్షే. "కంప్యూటర్ సారే కొలిచి చూపించినాడు," అన్నాడంట. పెద్దమనుషులు సరేనన్నారంట. ఆమె పోయాక ఆ నెట్‌వర్క్ ఒక్కసారి కూడా చెడలేదు. చెడాలని నేను శానా కోరుకున్నా.

కొన్నేళ్ల తర్వాత మా అత్తను చూపించడానికి కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయా. ఓపీ కౌంటర్‌లో కంప్యూటర్ ముందు వనజమ్మ. నన్ను చూడగానే ఆమె వేళ్లు ఆగిపోయాయి. బాగున్నావా అని అడిగే లోపే గొంతు తగ్గించి అంది:

"ఈడ అంతా బాగానే నడుస్తాండాదన్నా. ఎవురికీ ఏమీ చెప్పొద్దు."

చెప్పనన్నా.

ఆ ఆదివారం ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలీదు. నాకన్నా చదువుకున్నవాళ్లని అడిగా. వాళ్లు చెప్పినవన్నీ నేను చూసినవే. దయ్యమని ఒప్పుకోవడానికి మనసు రాదు. కాదని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

వనజమ్మ మా అత్త పేరు కొట్టి ప్రింటు నొక్కింది. చీటీ బయటికొచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని ప్రింటర్ వైపే చూస్తూ కూర్చుంది.