పడమటి హద్దు

కువైట్‌లో నాకు ఎదురైన తెలుగువాళ్ళలో పేదవాడి మునిమనవడు ఇంతవరకు ఒక్కడూ కనబడలేదు. అందరి ముత్తాతలూ ఏనుగులెక్కినవాళ్ళే. కడప వైపు నుంచి వచ్చినవాడు పాలెగాళ్ళ వంశం. గోదావరి లంకల నుంచి వచ్చినవాడు ఏ జమీందారు దగ్గరో దివానుగిరీ చేసిన వంశం. ఇన్ని ఏనుగులకు ఆ జిల్లాల్లో మేత ఎక్కడ దొరికిందో మాత్రం ఎవరూ చెప్పరు. ఏ సంవత్సరం, ఏ సర్వే నంబరు, ఎన్ని ఎకరాల ఎన్ని సెంట్లు అని అడిగితే, "అప్పట్లో ఇవన్నీ ఎవరు రాసుకున్నారండీ" అంటారు. రాసుకున్నారు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాల్లో సంపుటాల కొద్దీ రాసిపెట్టి ఉంది. చదివే ఓపిక లేనివాళ్ళకే కథలు కావాలి.

నేను ఒక నిర్మాణ సంస్థలో కాగితాల విభాగం చూస్తూ ముప్పైమూడేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను. ఏ నక్షా ఏ తేదీన మారిందో, ఎన్నోసారి మారిందో చెప్పడం నా ఉద్యోగం. శుక్రవారాలు రిగ్గైలోని మా గదిలో కూర్చుని, అడిగినవారికి దస్తావేజుల ఆధారంగా వంశవృక్షాలు తయారుచేస్తాను. ఈ పద్ధతి నాకు నేర్పినవాడు మా ఆఫీసులో కొంతకాలం పనిచేసిన ఒక అమెరికన్ ఇంజినీరు. అతడి పూర్వీకులు ఆ దేశానికి తొలి వలసల కాలంలో చేరినవారట. తాతలు చెప్పిన మాటలన్నీ అవతల పెట్టి, భూమి కొన్న కాగితం, అమ్మిన కాగితం, చనిపోబోయే ముందు రాసిన వీలునామా, ఈ మూడింటిని పట్టుకునే అతడు తొమ్మిది తరాలు వెనక్కి నడిచాడు. భోజన విరామంలో ఆ నకళ్ళు బల్ల మీద పరచి చూపించేవాడు. అంత శుభ్రమైన పని నేను అంతకుముందు చూడలేదు.

అతడు చెప్పిన రెండు మాటలు మాత్రం నేను పెడచెవిన పెట్టాను. ఆ కాలపు వీలునామాల్లో అల్లుణ్ణి కూడా కొడుకనే రాసేవారు, జాగ్రత్త అన్నది ఒకటి. మన మనిషి పేరు మీద కాగితం దొరక్కపోతే పొరుగువాడి కాగితం చదవమన్నది రెండవది. మొదటిది ఆ దేశపు గుమాస్తాల అలసత్వమనుకున్నాను. రెండవది కాగితాలు సరిగా దాచుకోనివాళ్ళ అవస్థ అనుకున్నాను.

నా పట్టికలో ఐదు గడులు: దస్తావేజు సంఖ్య, తేదీ, సర్వే నంబరు, విస్తీర్ణం, హక్కుదారు. తూర్పున ఫలానావారి చేను, పడమట ఫలానావారి కంచె అని హద్దులు చెప్పే పేరాకు నా పట్టికలో చోటు లేదు. అందులో అంకెలుండవు. అది ఊరి ముచ్చట్లను కాగితం మీద పెట్టడమేనని నా అభిప్రాయం.

ఈ ఏడాది మొదట్లో వఫ్రా నుంచి ఒకాయన వచ్చాడు. అక్కడ కూరగాయల తోటల్లో కూలీల మీద మేస్త్రీ. అన్నమయ్య జిల్లావాడు. తన వంశానికి ఏడు వందల ఎకరాలూ, ఒక ఏనుగూ ఉండేవని మొదటి ఐదు నిమిషాల్లోనే తెలియజేశాడు. వాళ్ళ ఊరి దగ్గరి దస్తావేజు లేఖరి చేత నకళ్ళు తెప్పించి, మూడు వారాలు చదివి, ఫలితం ఆయన ముందు పెట్టాను. ముత్తాత తన జీవితకాలంలో కొన్నది ఒకే ఒక మెట్ట చేను. సర్వే నంబరు 214లో రెండవ భాగం.

"ఏంది సామీ ఇది? ఒకటీ పన్నెండా?" అన్నాడు.

"ఒక ఎకరా పన్నెండు సెంట్లు."

"తక్కిన ఆరొందల తొంబై ఎనిమిదీ యాడికి పాయ?"

నా గదిలో ఉండే కోనసీమాయన, ఒక కంపెనీ బస్సు డ్రైవరు, మంచం మీద నుంచే అందుకున్నాడు. "ఏనుగు మేసేసుంటదండి."

వఫ్రా మేస్త్రీకి నవ్వు రాలేదు. "ఆ కాగితాలు నువ్వే పెట్టుకో. మా వంశం నీ పట్టికలో పట్టేది కాదులే," అని వెళ్ళిపోయాడు. నేను వాటిని జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు వరుసలో నా బీరువాలో దాచాను. ఎవరి ఏనుగు ఎంతటిదో తెలిసినప్పుడు కలిగే సంతోషం నాకు చిన్నదేమీ కాదు. దాన్ని నేను దాచుకోలేదు కూడా.

ఆ తరువాత వచ్చినావిడ అదే గ్రామం మనిషి. మిష్రిఫ్‌లో ఒక కువైటీల ఇంట్లో పదకొండేళ్ళుగా వంట చేస్తోంది. వయసు యాభై దాటి ఉంటుంది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో మూడు కాగితాలు. ఒకటి కొత్తది: ఊరి నుంచి తమ్ముడి వరుసైనవాడు పంపిన హక్కు విడుదల పత్రం. బావి చేనులో తనకు ఏ హక్కూ లేదని ఆమె ఒప్పుకుంటూ, ఎంబసీ ధ్రువీకరణ కేంద్రంలో అధికారి ఎదుట సంతకం పెట్టి పంపాలి. ఆదివారం ఉదయానికి సమయం కూడా తీసుకుని పెట్టాడు. ఆ చేను రెండెకరాల ముప్పై సెంట్లు, బావితో సహా. ఆమె తల్లికి తన తండ్రి నుంచి వచ్చిందని ఆమె మాట. తిరిగి వెళ్ళాక బతకడానికి ఆమెకు ఇంకేమీ లేదు.

"పెట్టమంటావా, వద్దంటావా, కాగితం చూసి చెప్పు సారూ," అంది. "నాకు సదువు రాదు. వాడేమో దినానికి నాలుగు తూర్లు ఫోను. మామా, అదే ఆ ఇంటి యజమానురాలు, ఫోను పెరుక్కోని దాసిపెడతాంది."

మిగతా రెండూ పాతవి. మొదటిది భాగపరిష్కార దస్తావేజు. అందులో ఆ ఇంటి పెద్దాయన, ఆయన ఇద్దరు కుమారులు. బావి చేను రెండవ కుమారుడి వాటా. రెండవది, నాలుగు సంవత్సరాల రెండు నెలల తరువాత వేరొక ఊరిలో ఈమె తాత ఒక చిన్న నేల చెక్క అమ్మిన కాగితం. తాత పేరూ, బావి చేను పొందిన రెండవ కుమారుడి పేరూ ఒక్కటే. కాని తండ్రి పేర్లు వేరు. ఒక మనిషికి ఇద్దరు తండ్రులుండరు. కనుక వీరు ఇద్దరు మనుషులు. రెండవ కుమారుడు సంతానం లేకుండా పోయాడనీ, చేను మొదటి కుమారుడి మనవడైన తనకు వచ్చిందనీ, ఈమె తాత ఆ చేను దున్నిన బయటివాడు మాత్రమేననీ తమ్ముడు పంపిన పత్రంలో ఉంది. నా లెక్కకూ అది సరిపోయింది. ఇరవై నిమిషాలు పట్టింది.

"మీ తాత పేరు ఈ దస్తావేజులో లేదమ్మా," అన్నాను. "ఉన్నది ఆ పేరే గల మరొకరు. సంతకం పెట్టవచ్చు."

"అట్లెట్లయితాది సారూ? మా తాత ఇల్లటం వచ్చినోడు. మా అవ్వ ఆ ఇంటి కూతురు. అల్లున్ని ఇంట్లోనే పెట్టుకోని, కొడుకుతో సమంగా పంచిచ్చినారు. మా పక్క ఇల్లటం వచ్చినోన్ని కొడుకనే రాపిస్తారు."

"ఎక్కడ రాసి ఉంది ఆ సంగతి?"

"రాసేదేంది? ఊరందరికీ తెలుసు."

"ఊరందరికీ ఏనుగులు కూడా తెలుసు," అన్నాను.

డ్రైవరు లేచి కూర్చున్నాడు. "నాకో డౌటండీ గురువుగారూ. హక్కే లేదన్నప్పుడు ఆడికి ఈవిడ సంతకం ఎందుకండీ? నన్నెవరూ అడగట్లేదు కదా ఆ చేను వదులుకోమని?"

కొనుగోలుదారుల సంతృప్తి కోసం ఇటువంటి పత్రాలు తీసుకోవడం పరిపాటి అని వివరించాను. వివరణ చాలా చక్కగా కుదిరిందని కూడా అనుకున్నాను.

ఆవిడ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుంటూ, "చేను ఎవురిదో తెల్సుకోవల్లంటే మా ఊర్లో పక్క చేనోళ్ళని అడుగుతారు సారూ," అంది. "నువ్వు అంకెల్ని అడిగితివి."

చదువురాని మనిషి నాకు పద్ధతి నేర్పుతోందని ఆ సాయంత్రమంతా చిటపటలాడాను. డ్రైవరు టీ ఇచ్చి మళ్ళీ మంచమెక్కాడు.

శనివారం మధ్యాహ్నం, ఎవరి సంగతైనా ఖాళీగా వదిలేయడం నాకు అలవాటు లేదు కనుక, ఆవిడ పట్టికను బీరువాలో పెట్టబోయాను. జిల్లా, మండలం, గ్రామం. సర్వే నంబరు 214లో మొదటి భాగం. దాని వెనుక వరుసలో అప్పటికే ఉన్నది 214లో రెండవ భాగం: వఫ్రా మేస్త్రీ ముత్తాత కాగితం. ఒకే నంబరు. రెండు భాగాలు. అంటే పక్కపక్క చేలు.

పక్క చేనువాణ్ణి అడగమన్న మాట నాకు అప్పుడు గుర్తుకొచ్చిందని రాస్తే అది అబద్ధం. ఆ మాట నిన్నటి నుంచి నన్ను వదలనేలేదు. కాగితం బయటికి తీసి, ఎప్పుడూ దాటవేసే ఆ పేరాను మొదటిసారి చదివాను. తూర్పు: డొంక. ఉత్తరం: గుట్ట. దక్షిణం: వంక. పడమర: ఫలానా పెద్దాయన ఇల్లటపు అల్లుడు, కన్నతండ్రి ఫలానా, ఫలానా ఊరి నుంచి వచ్చి ఈ ఊరనే కాపురమున్న ఫలానావారి బావి చేను.

ఇద్దరు తండ్రుల పేర్లూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మనిషి ఒక్కడే. భాగపరిష్కారం జరిగిన ఏడు నెలలకు రిజిస్టరైన దస్తావేజు అది. ఒక ఎకరా పన్నెండు సెంట్లకు మించి కొనలేకపోయిన ఆ పాలెగాడు, తన పడమటి హద్దులో ఉన్నవాడెవరో పైసా తేడా లేకుండా రాయించుకున్నాడు. మూడు వారాలు చదివానని చెప్పుకున్న నేను ఆ వాక్యం మీద కన్ను వేయలేదు. పట్టికలో గడి లేదు కదా.

ఆవిడకు పది సార్లు ఫోను చేశాను. స్విచాఫ్. ఫోను ఆ మామా అల్మరాలో ఉండి ఉంటుంది. వాయిస్ మెసేజి పెట్టాను. ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయింది. మిష్రిఫ్‌లో ఏ ఇల్లో నాకు తెలియదు. ఆవిడ చెప్పింది, నేను రాసుకోలేదు. చిరునామాకు కూడా నా పట్టికలో గడి లేదు.

వఫ్రా మేస్త్రీకి ఫోను చేసి ఆ కాగితం వాడుకోవడానికి అనుమతి అడగవలసి వచ్చింది. సంగతి విని ఆయన చాలాసేపు నవ్వాడు.

"అయితే మా ముత్తాత కాగితం అక్కరకొచ్చెనే! ఏనుగు మాట రాసి ఉందా ల్యాదా అండ్ల?"

"లేదు."

"సరిగా సదువు సామీ. నీకు సదివే అలవాటు తక్కువ."

వాడుకోమన్న మాట ఆయన చేత చెప్పించుకుని ఫోను పెట్టేశాను.

ఆదివారం ఉదయం ఆఫీసులో రెండు గంటల అనుమతి తీసుకున్నాను. డ్రైవరు తన డ్యూటీ ముగించుకుని స్నేహితుడి కారు తెచ్చాడు. "యల్లా గురువుగారూ, ఎక్కండి. ఈసారి అంకెలు నేను చూసుకుంటాను, మీరు దారి చూడండి," అన్నాడు. ధ్రువీకరణ కేంద్రంలో వరుస కుర్చీల చివర ఆవిడ కూర్చుని ఉంది. ఒక చేతిలో నంబరు చీటీ. ఒళ్ళో విడుదల పత్రం. ఆవిడ నంబరుకు ఇంకా ఆరుగురు ముందున్నారు.

"సంతకం పెట్టేశావా అమ్మా?"

"ఇంగా లే సారూ. నువ్వేంది ఈడ?"

పడమటి హద్దును పైకి చదివి వినిపించాను. పక్క కుర్చీలోని అపరిచితుడు కూడా విన్నాడు. ఆవిడ ముఖంలో ఆశ్చర్యమేమీ లేదు.

"ఇదే గదా నేను మొన్న చెప్తి."

"నువ్వు చెప్పింది మాటమ్మా. ఇది దస్తావేజు."

"ఆయప్ప రాపించింది గూడా మాటే గదా సారూ," అంది. "పక్క చేనులో ఎవురుండారో చెప్పినాడు, వాళ్ళు రాసుకున్యారు."

ఆవిడ నంబరు పిలిచారు. కిటికీ దగ్గరికి వెళ్ళింది. లోపలి ఉద్యోగి చెయ్యి చాపాడు. "వద్దు నాయనా, ఖలాస్. నేను పెట్టను," అని చెప్పి, పత్రాన్ని రెండుగా మడిచి సంచిలో వేసుకుని వచ్చింది. పొద్దున మామా తిరిగిచ్చిన ఫోను ఆన్ చేసి, నా కాగితాన్ని నా చేతే ఫొటో తీయించి ఊరికి పంపించింది. వెనుకనే ఒక వాయిస్: "రే తమ్ముడా, పక్క చేనోళ్ళ కాగితం పంపినా. సదువు. సంతకం ల్యా." కారులో మిష్రిఫ్ దారి పట్టేలోగా జవాబు వచ్చింది. స్పీకరులో అందరమూ విన్నాము: "అక్కా, ఈ కాగితం నీకు యాడ దొరికె?" చేను తనదని మాత్రం అతడు అనలేదు. డ్రైవరు హారన్ ఒకసారి అకారణంగా మోగించాడు.

ఇంటికి ముందున్న మలుపు దగ్గర ఆవిడ నా పట్టిక అడిగింది. చదవడం రాదు కనుక ఏ వరుస ఎవరిదో వేలు పెట్టి చూపించమంది. పెద్దాయన, కొడుకు, అల్లుడు, అమ్మ, తను. చూపించాను.

"మా అవ్వ యాడుండాది?"

లేదు. మూడు దస్తావేజుల్లోనూ లేదు. చేను వచ్చిందే ఆవిడ మూలంగా. అల్లుడు ఆ ఇంటికి వచ్చిందే ఆవిడ మూలంగా. ఏ లేఖరీ ఆమె పేరు రాయలేదు. పొరుగువాడు కూడా రాయలేదు. కాగితం మీద ఆధారం లేని పేరు నా పట్టికలో ఇంతవరకు ఒక్కటీ ఎక్కలేదని చెప్పబోయి ఆగాను.

"పేరు చెప్పమ్మా."

చెప్పింది. సిరాతో రాశాను. "పుట్టిన సంవత్సరం?"

"కరువేట పుట్టిందంటాండ్రి."

"ఏ కరువు?"

"పెద్ద కరువు సారూ," అని దిగిపోయింది. పదకొండింటికల్లా ఇంట్లో ఉండాలి.

ఆ వరుసలో దస్తావేజు సంఖ్య లేదు. తేదీ లేదు. సంఖ్య ఉండవలసిన చోట 'మనవరాలి మాట' అని రాశాను. నా చేతిరాతలో ఆ రెండు ముక్కలు చూస్తే ఇప్పటికీ రోత పుడుతుంది. ప్రస్తుతం బీరువాలోని పాత పట్టికలన్నీ తీసి, హద్దుల పేరాలు మొదటినుంచి చదువుతున్నాను. పదకొండు చదివాను. నాలుగింటిలో నేను రాసింది తప్పు. ఏనుగు మాత్రం ఇంకా ఎక్కడా కనబడలేదు.